ఏమంటారు? ఏమంటోంది?

మా బుజ్జి మూడో తరగతి చదువుతోంది. చదువుతోంది అంటే బళ్ళో అది చదువుతోంది, ఇంటికొచ్చాక నేను చదువుతున్నాను. ఈ సంగతి పిల్లల్ని ఇంగ్లీషు బడికి పంపే తల్లులకి వేరే చెప్పక్కర్లేదు.

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున వంటింటి గుమ్మంలో కత్తిపీట వేసుకుని బెండకాయలు తరుగుతూంటే, అది నోటుపుస్తకం పట్టుకొచ్చి నా ఎదురుగా చతికిలబడింది. పేజీలో ఒకవైపు జంతువుల పేర్లు. రెండోవైపు ఖాళీ గీతలు. ఏ జంతువు అరుపుని ఇంగ్లీషులో ఏమంటారో ఆ గీతల మీద రాయాలిట.

"కుక్క?" అంది.

"బార్క్" అన్నాను.

"బార్కంటే చెట్టు బెరడని మొన్న చెప్పావుగా! చెట్టు కూడా మొరుగుతుందా?"

"మొరగదు. రెండో దానికి పద."

"ఆవు?"

"మూ అనొచ్చు. లో అని కూడా అంటారు."

"లో అంటే తక్కువ కదమ్మా. పాలవాళ్ళ ఆవు అరిస్తే మన వీధి చివరిదాకా వినిపిస్తుందే!"

"అలాగే అంటారే. తరవాతది చూడు."

"కోడిపుంజు?"

"క్రో."

"క్రో అంటే కాకి!"

"కాకి క్రోయే. కాని కాకి అరిస్తే కా అంటారు, కోడి కూస్తే క్రో అంటారు."

బుజ్జి నాకేసి జాలిగా చూసింది. అమ్మకి రాదు కాబోలు, ఏదో బుకాయిస్తోందనుకుంది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, నాకూ అనుమానం వచ్చింది. లేచి చేతులు కడుక్కుని, మావారి కాలేజీ రోజులనాటి లావుపాటి నిఘంటువు బీరువా మీంచి దింపాను.

తీరా చూస్తే నేను చెప్పినవన్నీ సరైనవే. కుక్క బార్కూ చెట్టు బార్కూ అసలు చుట్టాలే కాదు. మొదటిది పాతకాలపు ఇంగ్లీషులోదే. రెండోది ఉత్తరాన సముద్రం దాటి ఇంగ్లండు మీదికి వచ్చిన స్కాండినేవియా వాళ్ళ భాషది. ఆవు అరిచే 'లో'కీ, తక్కువ అనే 'లో'కీ కూడా అంతే. వేరే వేరే ఊళ్ళనుంచి వచ్చిన ఇద్దరు సుబ్బారావులు ఒకే వీధిలో కాపురం పెడితే, ఉత్తరాలు ఒకరివి ఒకరికి పోతూంటాయి చూశారూ, అలాంటి తికమక అన్నమాట.

అక్కడితో నిఘంటువు మూసేస్తే బాగుండేది. కాని ప్రతి మాటకీ మొదటి అర్థం కింద రెండో అర్థం ఒకటి ఉంది. మొదటి అర్థం జంతువుది. రెండోది మనిషిది. నా కళ్ళు అక్కడ ఆగిపోయాయి.

కుక్కది బార్క్. పై అధికారి కింది వాళ్ళకి కటువుగా ఉత్తరువులిస్తే అదీ బార్కే. మేకదీ గొర్రెదీ బ్లీట్. దిక్కులేనివాడు నీరసంగా మొరపెట్టుకుంటే అది కూడా బ్లీట్. కోడిపుంజు క్రో అంటుంది, గొప్పలు చెప్పుకునేవాడూ క్రో అంటాడు. పంది కీచుమంటే స్క్వీల్. తోటివాళ్ళ గుట్టు పోలీసులకి చెప్పేసినా స్క్వీలే. గాడిద ఓండ్ర బ్రే. వినసొంపుగా లేని నవ్వు కూడా బ్రే. గుడ్డు పెట్టిన కోడిపెట్టది క్యాకిల్. మరి నలుగురు ఆడవాళ్ళు చేరి గట్టిగా నవ్వుకుంటే? అదీ క్యాకిలే! మగవాళ్ళు నలుగురు చేరి నవ్వితే మాత్రం రోర్, అంటే సింహగర్జన.

ఇదేదో ఇంగ్లీషు వాళ్ళ పొగరనుకునేరు. మనమేం తక్కువ తిన్నాం? మన సభలకి సింహగర్జన అని పేరు పెట్టుకుంటాం. గిట్టనివాడు మాట్లాడితే మొరుగుతున్నాడంటాం. పాడితే ఓండ్ర పెడుతున్నాడంటాం. కోపమొస్తే మగవాడు రంకెలు వేస్తాడు, ఆడది బుసలు కొడుతుంది. అంత దూరం ఎందుకు? మా ఇంట్లో చూడండి. ఒకే సంగతి ఒకే గొంతుతో మావారు అంటే 'చెప్పారు'. నేనంటే 'అరిచాను'. రెండోసారి అంటే 'నస'. మూడోసారి అంటే 'సణుగుడు'. మీ ఇళ్ళల్లో ఇలా లేకపోతే అదృష్టవంతులు.

ఈ అలవాటు నిన్నా మొన్నటిది కాదు. పూర్వం గ్రీకులకి పరదేశీయుల మాటలన్నీ 'బర్ బర్' అని వినిపించేవిట. అందులోంచే ఇంగ్లీషులో అనాగరికుడికి బార్బేరియన్ అనే పేరు వచ్చింది. మన సంస్కృతంలో మ్లేచ్ఛుడనే మాట ఉందిగదా, పాణినీయుల ధాతుపాఠంలో ఆ ధాతువుకి అర్థం అస్పష్టంగా శబ్దం చెయ్యడం. చిత్రం చూడండి. నీ మాట నాకు అర్థం కాలేదు అనవలసినచోట, నీకు మాటే రాదు అని తీర్పు చెప్పేశాం. లోటు మన చెవిది. ముద్ర అవతలి వాడి మొహాన!

అసలు మన చెవికి ఏపాటి నిలకడ ఉంది కనక? కోడి ఏ దేశంలోనైనా కోడే. మనకి కొక్కొరొకో అంటుంది. ఇంగ్లీషువాళ్ళకి కాకడూడుల్డూ అని వినిపిస్తుంది. ఫ్రెంచివాళ్ళకి కొకొరికో, జర్మన్లకి కికెరికీ. కుక్క మనకి భౌభౌ, జపాన్ వాళ్ళకి వన్ వన్. పాపం ఆ కోడికీ కుక్కకీ ఈ గొడవేమీ తెలియదు. అవి అనేది అవి అంటున్నాయి. మనకి తోచింది మనం రాసుకుంటున్నాం.

మనిషికి మాటలు పుట్టిందే ఇలా జంతువుల అరుపుల్ని అనుకరించడంలోంచి అని వాదించిన పండితులు కొందరుండేవారు. ఋగ్వేదాన్ని సాయణ భాష్యంతో అచ్చు వేయించిన మాక్స్ ముల్లర్‌కి ఆ వాదం నచ్చలేదు. 1861లో లండన్‌లో ఇచ్చిన ఉపన్యాసాల్లో దానికి 'బౌవౌ సిద్ధాంతం' అని పేరు పెట్టేశాడు. అంటే భౌభౌ సిద్ధాంతం అన్నమాట. ఆ ఎగతాళి పేరే లోకంలో నిలిచిపోయింది. అంతటి మహాపండితుడు కూడా అవతలివాళ్ళ వాదాన్ని కుక్క అరుపుతో జతచేస్తే సగం పని అయిపోతుందని కనిపెట్టాడు చూశారా!

నేనిలా నిఘంటువులో మునిగి మనసులో నవ్వుకుంటూంటే బుజ్జి పెన్సిలు కొస కొరుకుతూ అడిగింది.

"అమ్మా, కోడి కూతకి క్రో అన్నావుగా. మరి పొద్దున నువ్వు నాన్నతో, నానమ్మ కూత మొదలైంది అన్నావే. నానమ్మక్కూడా క్రో అని రాయనా?"

నా చేతిలో పేజీ చేతిలోనే ఉండిపోయింది.

మా అత్తగారి సంగతి ఇక్కడ చెప్పాలి. ఎనిమిది నెలల కిందట ఆవిడకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యీ కుడికాలూ పడిపోయాయి. మాట పోయింది. మనం అనేది ఆవిడకి చాలామటుకు అర్థమవుతుందనీ, అనదల్చుకున్నది కూడా లోపల ఉంటుందనీ, మాట మాత్రం బయటికి రాదనీ డాక్టరు చెప్పాడు. దాన్ని అఫేజియా అంటారట. ఏమి అడగాలన్నా, ఏమి వద్దనాలన్నా ఆవిడ నోట ఒకటే శబ్దం. "బ్బా... బ్బా..."

దాచడమెందుకు, ఆవిడ మాట ఉన్న రోజుల్లో ఆ నోటికి నేను హడలిపోయేదాన్ని. కాపరానికి వచ్చిన కొత్తలో నేనేదైనా అడగబోతే, "ఏమిటే ఆ గొణుగుడు?" అనేవారు. నేను మాట్లాడుతున్నాననే అనుకునేదాన్ని. ఆవిడ చెవిలో అది గొణుగుడు. ఆ ఒక్క మాటతో నేను చెప్పదల్చుకున్నదంతా గొంతులోనే ఇంకిపోయేది. అటువంటిదాన్ని, ఇవాళ ఆవిడ నోరు మూగబోయాక, ఆవిడ పిలుపుకి నేను పెట్టిన పేరు కూత! పాత బాకీ వడ్డీతో తీర్చుకున్నానా? ఏమో! అప్పుడు అలా అనిపించలేదు. విసుగనుకున్నాను. పసిపిల్ల ఆ మాటని తీసుకెళ్ళి జంతువుల జాబితాలో పెడతానంటే గాని నేనన్నదేమిటో నాకు వినపడలేదు.

అందుకే ఆ రాత్రి అఫేజియా గురించి కాస్త చదివాను. అందులో ఒక మనిషి కథ దొరికింది. ఫ్రాన్సులో పారిస్ దగ్గర బిసెత్ర్ అనే ఆసుపత్రిలో లెబోర్న్ అనే ఆయన ఉండేవాడు. ఆయనకి మాట పోయింది. ఏమడిగినా "టాన్, టాన్" అనే శబ్దం ఒక్కటే వచ్చేది. దాంతో ఆసుపత్రిలో అందరూ ఆయన్ని టాన్ అనే పిలిచారు. కా అంటుందని కాకికి కాకి అని పేరు పెట్టినట్టే కదూ? తరవాత ఆయనకి కూడా కుడిచెయ్యి పడిపోయింది, కుడికాలూ పడిపోయింది. 1861 ఏప్రిల్‌లో, లండన్‌లో భౌభౌ సిద్ధాంతం మీద నవ్వులాటలు నడుస్తున్న ఆ రోజుల్లోనే, పాల్ బ్రోకా అనే డాక్టరు ఆయన్ని చూడవచ్చాడు. ఇక్కడికొచ్చి ఎన్నేళ్ళయిందని అడిగాడు. టాన్ ఎడమచేతి వేళ్ళన్నీ నాలుగుసార్లు తెరిచి చూపించి, ఆపైన ఒక్క వేలు చూపించాడు. ఇరవయ్యొకటి. లెక్క సరిగ్గా సరిపోయింది! కొన్నాళ్ళకే ఆయన పోయాడు. ఆయన మెదడు పరీక్షించిన బ్రోకా ఎడమవైపు ముందుభాగం దెబ్బతిన్నదని కనిపెట్టాడు. మాటకి మెదడులో ఎక్కడ చోటుందో లోకానికి తెలియడానికి అదే మొదటి మెట్టయింది.

నాకు మాత్రం శాస్త్రం కన్నా ఆ వేళ్ళు ఎక్కువ గుర్తుండిపోయాయి. ఇరవై ఒక్కేళ్ళు అందరూ ఆయన్ని ఒక శబ్దంగా విన్నారు. ఆయన మాత్రం లోపల ఏళ్ళు లెక్కపెట్టుకుంటూ కూచున్నాడు.

అప్పుడు నాకొకటి తోచింది. దీన్ని ఏమంటారు అనేది ఒక ప్రశ్న. ఇది ఏమంటోంది అనేది ఇంకొక ప్రశ్న. మొదటిదానికి జవాబు నిఘంటువులో ఉంటుంది. రెండోదానికి జవాబు కావాలంటే దగ్గరికి వెళ్ళి కూచోవాలి. మొదటి దానికి జవాబు దొరికితే రెండోది అడగక్కర్లేదనుకోవడమే మనం చేసే పొరపాటు.

జంతువుల విషయంలో కూడా రెండో ప్రశ్న అడిగినవాళ్ళు లేకపోలేదు. కెన్యాలో అంబోసెలి అనే చోట వెర్వెట్ కోతులున్నాయి. అవి హడలిపోయి అరుస్తాయి. కోతుల కిచకిచ అనుకుని పోయేవాళ్ళు పోయారు. కొందరు శాస్త్రజ్ఞులు మాత్రం ఆ అరుపులు రికార్డు చేసి, ఏ ప్రమాదమూ లేనప్పుడు వాటికే వినిపించి చూశారు. 1980లో సంగతి ప్రకటించారు. చిరుతపులికి ఒక అరుపు, అది వింటే కోతులు చెట్టెక్కుతాయి. గద్దకి ఒకటి, అది వింటే పైకి చూస్తాయి. పాముకి ఒకటి, అది వింటే నిలబడి నేలకేసి వెతుకుతాయి. మనకది ఉట్టి కిచకిచ!

ఏనుగు అరుపుని మనం ఘీంకారమన్నాం, ఇంగ్లీషువాళ్ళు ట్రంపెట్ అన్నారు. 1984లో కేటీ పేన్ అనే ఆవిడ అమెరికాలో ఒక జంతుప్రదర్శనశాలలో ఏనుగుల దగ్గర కూచుంటే గాలిలో ఏదో అదురుతున్నట్టనిపించిందిట. తరవాత పరికరాలతో చూస్తే తేలింది. మనిషి చెవికి అందనంత కింది స్థాయిలో ఏనుగులు మాట్లాడుకుంటున్నాయి. మనం పేరు పెట్టింది మనకి వినిపించిన వాటికే. వినిపించని వాటికి పేరే లేదు.

చిన్నప్పుడు సంగీతం మాస్టారు నాకు చెప్పిన సంగతొకటి ఇప్పుడు గుర్తొస్తోంది. సప్తస్వరాల్ని మనవాళ్ళు జంతువుల గొంతుల్లోనే గుర్తించారట. నారదీయ శిక్షలో ఉంది. షడ్జమం నెమలిది, పంచమం కోకిలది, నిషాదం ఏనుగుది. గాంధారం మేకది! అదే మేక ఇంగ్లీషు నిఘంటువులో నీరసపు మొరకి గుర్తు. మనవాళ్ళ చెవికి స్వరం. మేక మాత్రం రెండు చోట్లా మే అనే అంది. వాల్మీకి సంగతి చూడండి. జంటలో ఒక పక్షి నేలకూలితే రెండోది అరిచిన అరుపుని ఏమంటారని ఆయన అడగలేదు. అందులో శోకం విన్నాడు. మనకి రామాయణం దొరికింది.

ఇంత చదివినా మా ఇంట్లో కథ తేల్చింది మాత్రం పుస్తకం కాదు, బుజ్జి. ఆ ఆదివారమే దాని ప్రశ్నకి జవాబు చెప్పలేక, "నానమ్మ మనిషి కదే, నానమ్మకేం రాయక్కర్లేదు" అన్నాను. అది కాకి దగ్గర కా అని రాసుకుని, తలెత్తి కిటికీలోంచి పెరటి గోడకేసి చూస్తూ అంది.

"కాకులొచ్చినప్పుడే నానమ్మ పిలుస్తుందమ్మా. అవి వెళ్ళిపోతే ఊరుకుంటుంది."

నేను కూత అన్నదాన్ని అది పిలుపు అంది. ఆ తేడా అలా ఉంచి, ఆ మాటతో నా తలలో దీపం వెలిగినట్టయింది. మా అత్తగారి గది కిటికీ పెరట్లోకే ఉంటుంది. నేను కాపరానికి వచ్చిన నాటినుంచీ చూస్తున్నాను, అన్నం వార్చగానే మొదటి ముద్ద ఆవిడ స్వయంగా పట్టుకెళ్ళి పిట్టగోడ మీద కాకులకి పెట్టేవారు. ఆ తరవాతే ఇంట్లో ఎవరికైనా. ఆవిడ మంచం పట్టిన రోజునుంచి ఆస్పత్రులూ మందులూ హడావిడిలో ఆ ముద్ద సంగతి మేమెవ్వరం తలుచుకోలేదు. కాకులు మాత్రం వేళకి వచ్చి గోడమీద కూచుని అరిచి వెళ్ళిపోతున్నాయి. అవి అరవగానే ఆవిడ అరుస్తున్నారు. మేము పరిగెత్తుకెళ్ళి నొప్పేమోనని మాత్ర వేస్తాం. పక్క మారుస్తాం. దుప్పటి సర్దుతాం. ఆవిడ ఇంకా గట్టిగా అరుస్తారు. మేం విసుక్కుంటాం.

ఒక ముద్ద అన్నం తీసుకెళ్ళి ఆవిడకి కనపడేట్టు గోడమీద పెట్టాను. రెండు కాకులొచ్చి వాలాయి. అవి తింటున్నంతసేపూ ఆవిడ చూశారు. తరవాత నాకేసి చూశారు. అది మెప్పో, "ఇన్నాళ్ళకి తెలిసిందా తల్లీ!" అనే దెప్పో చెప్పలేను. ఆవిడ స్వభావం తెలిసినదాన్ని కనక రెండోదే అనుకుంటున్నాను. ఎలాగైతేనేం, ఆ పూట మళ్ళీ శబ్దం లేదు.

కథైతే ఇక్కడ ఆపేయొచ్చు. కాని సంసారం కథ కాదుగదా! మధ్యాహ్నం మళ్ళీ "బ్బా" మొదలైంది. ఫ్యాను ఆపమని. అది కనిపెట్టడానికి నాలుగు రోజులు పట్టింది. సాయంకాలం వేళ ఒకటుంది, దాని అర్థం ఇవాళ్టికీ దొరకలేదు. విసుగు రావడం లేదని నేను అబద్ధం చెప్పను. కుక్కర్ ఈల, కాలింగ్ బెల్లు, కూరల బండి కేక, మావారి 'ఏదీ నా కళ్ళజోడు'... ఆడదానికి చెవులు రెండే. ప్రతి శబ్దం దగ్గరా ధ్యానముద్రలో కూచుంటే పొయ్యిమీద పాలు పొంగిపోతాయి. కొన్నింటికి పేరు పెట్టి పక్కన పడేయక తప్పదు.

కాని ఒక్కటి ఆలోచించండి. పసిబిడ్డ ఏడిస్తే పక్కింటివాళ్ళకి అది గోల. తల్లికి అలా కాదు. ఇది ఆకలేడుపు, ఇది నిద్రేడుపు, ఇది కడుపునొప్పి అని చెప్పేస్తుంది. ఆవిడకి ఎవరూ నిఘంటువు కొనిపెట్టలేదు. బిడ్డ నోట మాట లేదని తెలుసు కనక, ఆ శబ్దంలోనే మాట ఉందని నమ్మి వింటుంది. ఆ నమ్మకంలోంచే అర్థం పుట్టుకొస్తుంది. నా పిల్ల దగ్గర నేను చేసిన పనే అది. అదే పని మా అత్తగారి దగ్గర చెయ్యడానికి ఎనిమిది నెలలు పట్టింది. చెయ్యలేక కాదు. కూత అనే పేరు దొరికాక ఇక వినవలసిన అవసరం కనిపించక.

బుజ్జికి ఆ హోమ్‌వర్కులో పదికి పది వచ్చాయి. ఇంగ్లీషులో ఏ జంతువు అరుపుని ఏమంటారో మా ఇంట్లో ఇప్పుడందరికీ వచ్చు.

నిన్న సాయంకాలం ఈ వ్యాసం రాసుకుంటూ కూచున్నాను. లోపల గదిలోంచి "బ్బా... బ్బా..." అని వినిపించింది. ఇంకొక్క వాక్యం పూర్తిచేసి లేద్దామనుకున్నాను. ఈలోగా హాల్లోంచి బుజ్జి కేకేసింది.

"అమ్మా, నానమ్మ ఏదో అంటోంది!"

కలం మూసి లేచాను.